ఏబీఎస్ ల్యాంపు, కోడ్ సి0035: సెన్సర్ మార్చినా పోలేదు, ఇప్పుడు మాడ్యూల్ అంటున్నారు

#1 కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. బండి 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కీ ఆన్ చేస్తే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ల్యాంపు వెలిగి మూడు సెకన్లలో ఆరిపోతుంది. మంచి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. గతుకుల రోడ్డు ఎక్కి ఐదారు నిమిషాలు వెళ్తే మళ్లీ వెలుగుతుంది. ఇక బండి ఆపి, కీ తీసి, మళ్లీ పెట్టేదాకా ఆరదు. వాన పడ్డ రోజు ఇంకా తొందరగా వస్తుంది.

స్కానింగ్‌లో సి0035, అంటే ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. సెన్సర్ కొత్తది వేయించాను, వైరుతో సహా వచ్చింది. అయినా అదే కోడ్. ఇప్పుడు ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయింది, మార్చాల్సిందే అంటున్నారు. ఎర్ర బ్రేక్ ల్యాంపు వెలగడం లేదు, బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. మాడ్యూల్‌కి డబ్బు పెట్టే ముందు ఏమేం చూడాలో చెప్పగలరా?

#2 మీటర్_మేస్త్రి

కృష్ణాతీరం గారూ, మాడ్యూల్ మాట ఇప్పుడే వద్దు. సి0035 అంటే సెన్సర్ పోయిందని కాదు, ఆ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని వైరు, కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), అక్కణ్నుంచి మాడ్యూల్ దాకా వెళ్లే బాడీ వైరింగ్, మాడ్యూల్ పిన్నులు, చక్రంతో పాటు తిరిగే రింగు, అన్నీ కలిపి. మీరు మార్చింది అందులో ఒక్క ముక్క.

మీరు రాసినదాంట్లో బాగా పనికొచ్చే మాట "మూడు సెకన్లలో ఆరిపోతుంది" అన్నది. కీ ఆన్ చేయగానే మాడ్యూల్ తన రిలేని, వాల్వుల కాయిళ్లని, నాలుగు సెన్సర్ల వైర్లనీ చూసుకుంటుంది. వైరు పూర్తిగా తెగినా, ఎర్త్‌కి షార్ట్ అయినా అక్కడే దొరికిపోతుంది, ల్యాంపు అసలు ఆరదు. ఆరిపోయి, బండి కదిలాక వెలిగిందంటే రెండే దారులు. అదిరినప్పుడు వదిలేస్తున్న కాంటాక్ట్ ఒకటి, చక్రం తిరిగితేగానీ బయటపడని సిగ్నల్ తేడా రెండోది. గతుకుల్లో రావడం, వానకి ముదరడం, రెండూ మొదటిదాన్నే చూపిస్తున్నాయి. మాడ్యూల్ లోపల టంకం వదిలినా అదురుకు తప్పు వస్తుంది కానీ, అది ప్రతిసారీ ఒకే చక్రం దగ్గర ఆగడం అరుదు.

ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి కొలిస్తే 12.4 నుంచి 12.7 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 ఉండాలి. బ్యాటరీ డౌన్‌గా ఉంటే ఏబీఎస్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది, సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు పడతాయి. వాటి వెంటపడితే రోజంతా వృథా. తర్వాత మీ సెన్సర్ ఏ రకమో చెప్పండి, అది తెలియకుండా మీటర్ పెట్టొద్దు.

#3 స్పానర్14

సెన్సర్ కప్లర్ ఊడదీసి రెండు పిన్నుల మధ్య ఓంలు కొలవండి సార్. 1000కి కాస్త అటూ ఇటూ వస్తే సెన్సర్ బాగున్నట్టు. అసలేమీ రాకపోతే పోయినట్టు.

#4 హబ్_అండ్_బేరింగ్

స్పానర్14 గారు చెప్పింది పాత రకానికి సరిపోతుంది, కొత్త రకానికి కాదు. ఈ ఒక్క తేడా తెలియక బాగున్న సెన్సర్లు ఎన్నో చెత్తబుట్టలోకి పోతున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాత రకం పాసివ్ సెన్సర్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ కాయిల్, అంతే. ఎదురుగా పళ్లున్న ఇనప రింగు తిరిగితే అందులో ఏసీ కరెంటు పుడుతుంది. మాడ్యూల్ నుంచి దీనికి కరెంటు రానక్కర్లేదు. ఓంలలో కొలిస్తే చాలా బండ్లకు 800 నుంచి 2000 మధ్య వస్తుంది. సరైన అంకె ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, లేదా ఎదుటి చక్రం సెన్సర్‌తో పోల్చుకోవచ్చు. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, చక్రాన్ని చేత్తో సెకనుకు ఒక చుట్టు తిప్పితే 0.2 వోల్టులు, ఆ పైన రావాలి. తిప్పే వేగం పెరిగేకొద్దీ వోల్టులు పెరగాలి. కాయిల్ ఓంలు సరిగా ఉండి వోల్టులు తక్కువొస్తే సెన్సర్‌కీ రింగుకీ మధ్య సందు పెరిగిందనో, సెన్సర్ కొనకు ఇనపరజను పట్టిందనో అర్థం.

కొత్త రకం యాక్టివ్ సెన్సర్. లోపల చిన్న చిప్పు ఉంటుంది. దానికి మాడ్యూల్ కరెంటు పంపాలి. ఎక్కువ బండ్లలో ఎదురుగా పళ్ల రింగు కనపడదు. బేరింగు సీలు మీద నల్లటి రబ్బరు లాంటి పట్టీ ఉంటుంది, అందులో ఉత్తర దక్షిణ ధ్రువాలు వరసగా అచ్చువేసి ఉంటాయి. ఒక ధ్రువం ఎదురుగా వస్తే సెన్సర్ సుమారు 7 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, ఇంకోటి వస్తే 14. ఈ 7, 14 మారడమే సిగ్నల్. దీన్ని ఓంలలో కొలిస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. "ఓపెన్" అని చూపించినా సెన్సర్ బాగుండొచ్చు.

ఏ రకమో తేల్చుకోవడం తేలిక. సెన్సర్ కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, బాడీ వైపు పిన్నుల దగ్గర డీసీ వోల్టులు చూడండి. ఒక పిన్నులో బ్యాటరీకి దగ్గరి వోల్టేజి వస్తే యాక్టివ్. కీ ఆన్ చేసిన వెంటనే చూడాలి. వైరు ఖాళీగా ఉందని తెలియగానే సప్లై ఆపేసే మాడ్యూళ్లు చాలా ఉన్నాయి, ఆలస్యం చేస్తే సున్నా చూసి మోసపోతారు.

#5 కృష్ణాతీరం

చూశానండీ. బ్యాటరీ 12.6, ఇంజిన్ నడుస్తుంటే 14.1. ఎడమ కప్లర్‌లో ఒక పిన్నుకి 11.8 వోల్టులు వచ్చాయి, రెండు సెకన్ల తర్వాత పడిపోయాయి. కుడి వైపూ అచ్చం అంతే. అంటే యాక్టివ్. సప్లై వస్తోంది కాబట్టి వైరింగ్ బాగున్నట్టేనా?

#6 ఓరుగల్లు_వైరింగ్

గట్ల అనుకోవద్దన్నా. వోల్టులు వచ్చినయంటే వైరు బాగున్నట్టు కాదు. మీటర్ గుంజే కరెంటు లెక్కలోకే రాదు. వైరుల ఇరవై పోగులు తెగి ఒక్క పోగే మిగిలినా మీటర్ల నిండు వోల్టులే కనపడతయ్. లోడ్ పడ్డంకనే అసలు సంగతి బయటపడ్తది.

ఇంకో మాట. చానామంది స్ట్రట్ (చక్రం షాక్ అబ్సార్బర్) కాడ వైరు వంగే చోట తెగుతదని అటే చూస్తరు. అది నిజమే, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అది వంగుతది గద. కానీ నువ్వు సెన్సర్ వైరుతోని సహా మార్చినవ్. అంటే చక్రం కాడికెళ్లి ఫెండర్ లోపలి కప్లర్ దాంక అంతా కొత్తదే. తప్పు ఇంక ఉన్నదంటే కప్లర్‌కు అవతల, బాడీ వైరింగ్ దిక్కే ఉన్నది. చక్రం ఇప్పి, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ షీటు తీసి, ఆ కప్లర్ బాడీ దిక్కు ముక్కను మంచిగ వెలుతురుల చూడు. పిన్నుల పచ్చ చిలుము ఉన్నదా, లోపల రబ్బరు సీలు ఉన్నదా ఊడిందా, తడి ఉన్నదా.

#7 మీటర్_మేస్త్రి

ఓరుగల్లు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. లోడ్ పెట్టి చూసే పద్ధతి రాస్తాను. ఇది జాగ్రత్తగా చదివి చేయండి, ఎందుకంటే మాడ్యూల్ తగిలించి ఉండగా చేస్తే నిజంగానే మాడ్యూల్ పోతుంది.

కీ తీసి, బ్యాటరీ మైనస్ ఊడదీయండి. ఏబీఎస్ మాడ్యూల్ పెద్ద కప్లర్ లీవర్ ఎత్తి పూర్తిగా బయటికి తీయండి. సెన్సర్ కప్లర్ కూడా ఊడదీయండి. ఇప్పుడు ఆ రెండు వైర్లు రెండు కొసల్లోనూ దేనికీ తగిలి లేవు. వైరింగ్ డయాగ్రమ్ చూసి మాడ్యూల్ కప్లర్‌లో ముందు ఎడమ సెన్సర్ పిన్నులు రెండూ గుర్తుపట్టండి. డయాగ్రమ్ లేకపోతే వైరు రంగుతో వెతికి, కంటిన్యూటీతో ఖాయం చేసుకోండి.

బ్యాటరీ ప్లస్ నుంచి 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టిన వైరు తీసి, ఫెండర్ కప్లర్ వైపు ఒక పిన్నుకి ఇవ్వండి. మాడ్యూల్ కప్లర్ వైపు అదే వైరు కొస నుంచి 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు గుండా బ్యాటరీ మైనస్‌కి కలపండి. బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది. సెన్సర్ లాగే 14 మిల్లీ ఆంపియర్ల కన్నా ఇది చాలా ఎక్కువ, కానీ సన్న వైరుకు హాని చేసేంత కాదు. బల్బు నిండుగా వెలగాలి. ఇప్పుడు వైరింగ్ మొత్తం జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ రండి. కప్లర్ పక్కన, ఫెండర్‌లో నుంచి ఇంజిన్ గదిలోకి దూరే రబ్బరు గ్రోమెట్ దగ్గర, బ్యాటరీ ట్రే కింద, మాడ్యూల్ కప్లర్ మెడ దగ్గర. బల్బు మిణుకుమన్నా, ఎర్రగా మసకబారినా తప్పు మీ చేతికింద ఉన్నట్టే. ఆ తర్వాత రెండో వైరు.

పిన్నుల్లోకి టెస్టర్ మొన గుచ్చి వెడల్పు చేయకండి, సరిపోయే సైజు టెర్మినల్ ముక్కే వాడండి. వైరు తొడుగుకు సూది గుచ్చి చూసే అలవాటు కూడా వద్దు. ఆ చిన్న బెజ్జంలోంచి నీళ్లు దిగి, ఆరు నెలలకు అదే కొత్త తప్పవుతుంది.

#8 సిగ్నల్_చూడు

వానలో ఎందుకు ముదురుతుందో లెక్క వేస్తే స్పష్టంగా తెలుస్తుంది, రాస్తున్నాను.

యాక్టివ్ సెన్సర్ భాష 7, 14 మిల్లీ ఆంపియర్లే అని హబ్ గారు చెప్పారు. కప్లర్‌లో తడి, చిలుము చేరి రెండు పిన్నుల మధ్య ఒక 3 కిలో ఓముల దారి ఏర్పడిందనుకోండి. 12 వోల్టులకి అందులోంచి 4 మిల్లీ ఆంపియర్లు కారిపోతాయి. సెన్సర్ 7 లాగుతుంటే మాడ్యూల్‌కి 11 కనపడుతుంది, 14 లాగుతుంటే 18. కింది మెట్టుకీ పై మెట్టుకీ మధ్య గీత ఎక్కడో 10 దగ్గర ఉంటుంది కాబట్టి ఇప్పుడు రెండూ గీతకి పైనే. చక్రం తిరుగుతున్నా మాడ్యూల్‌కి ఆగినట్టు కనపడుతుంది. మిగతా మూడు చక్రాలు 40లో పోతుంటే ఒకటి సున్నా అంటే నమ్మదు, ఏబీఎస్ ఆపేసి ల్యాంపు వెలిగిస్తుంది. షార్ట్ లేదు, తెగలేదు, ఓంలలో చూస్తే 3000. చూసినవాళ్లు "ఏమీ లేదు, బాగుంది" అంటారు. బాగుండటమంటే కనీసం 1 మెగా ఓము ఉండాలి. రెండు వైర్ల మధ్యా, ఒక్కో వైరుకీ బాడీకీ మధ్యా. రెండు కప్లర్లూ ఊడదీసి ఉంచే ఇది కొలవండి. తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరాక ఒకసారి. తేడా వస్తే అక్కడే పట్టుకోవచ్చు.

ఇక సెన్సర్ని బండి మీదే, మాడ్యూల్ సాయం లేకుండా పరీక్షించవచ్చు. 100 ఓంల రెసిస్టర్ ఒకటి చాలు. 9 వోల్టుల చిన్న బ్యాటరీ ప్లస్‌ని సెన్సర్ సప్లై పిన్నుకి, సెన్సర్ రెండో పిన్నుని రెసిస్టర్‌కి, రెసిస్టర్ రెండో కొసని బ్యాటరీ మైనస్‌కి. మీటర్ రెసిస్టర్‌కి అడ్డంగా డీసీ వోల్టుల్లో. చక్రాన్ని బాగా నెమ్మదిగా తిప్పండి. 0.7, 1.4, 0.7, 1.4 అని మారుతుండాలి. రెసిస్టర్ లేకుండా నేరుగా కరెంటు ఇవ్వొద్దు, ప్లస్ మైనస్ తారుమారు చేయొద్దు. 0.7 దగ్గరే కదలకుండా ఉంటే చిప్పు పనిచేస్తోంది కానీ ఎదురుగా అయస్కాంతపు పట్టీ దానికి అందడం లేదన్నమాట. అది బేరింగు వైపు చూడాల్సిన సంగతి.

#9 స్పానర్14

హబ్ గారూ, సిగ్నల్ గారూ, థాంక్స్. ఓంల సంగతి సరిదిద్దుకున్నాను. ఇంకో అనుమానం. స్కానర్ లేనివాళ్లు ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ ఓబీడీ రీడర్‌తో ఏబీఎస్ కోడ్ చూడలేరా?

#10 మీటర్_మేస్త్రి

చాలావరకు కుదరదు. చవక యాప్‌లు చదివేది ఇంజిన్ పి కోడ్‌లు. ఏబీఎస్ వి సి కోడ్‌లు, అవి కంపెనీకో భాషలో ఉంటాయి. ఆ కంపెనీకి పనికొచ్చే యాప్ ఉంటే అదే రీడర్‌తో వస్తాయి, లేకపోతే "తప్పులేవీ లేవు" అని చూపిస్తుంది. దాన్ని నమ్మి వదిలేయొద్దు. కోడ్ కన్నా పనికొచ్చేది లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగం. ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవారు చూడాలి. 15 నుంచి 20 వేగంలో తిన్నగా పోతుంటే నాలుగూ ఒకటి రెండు కిలోమీటర్ల తేడాలో ఉండాలి. ఒకటి ఉన్నట్టుండి సున్నా అయి మళ్లీ లేస్తే వైరింగ్ లేదా కప్లర్. ఒకటి ఎప్పుడూ ఒకే పాళ్లలో ఎక్కువ చూపిస్తే ముందు టైరు సైజూ గాలీ చూడండి. స్టెప్నీ వేరే సైజుది వేసి నెలల తరబడి తిరిగే బండ్లు చాలా ఉన్నాయి.

#11 కృష్ణాతీరం

దొరికింది! ఓరుగల్లు అన్న చెప్పిన చోటే. బల్బు పరీక్షలో సప్లై వైరు బాగుంది. రెండో వైరు మీద, కప్లర్ వెనక రెండంగుళాల దూరంలో కొంచెం వంచగానే బల్బు ఎర్రబడింది, ఇంకొంచెం లాగితే ఆరిపోయింది. తొడుగు పైకి చెక్కుచెదరలేదు. కప్లర్ బాడీ వైపు ఒక పిన్ను చుట్టూ ఉండాల్సిన చిన్న రబ్బరు సీలు లేదు. తొడుగు కోసి చూస్తే లోపలి రాగి మెరవడం లేదు. పిన్ను దగ్గర పచ్చగా పొడి, అక్కణ్నుంచి లోపలికి పోగులన్నీ కాటుకలా నల్లగా ఉన్నాయి, గోటితో గీకితే రాలుతున్నాయి. తడి గుడ్డ కప్పి రెండు పిన్నుల మధ్య కొలిస్తే 5 కిలో ఓములు, ఎండలో పెట్టాక 200 కిలో ఓములకు పైన.

ఫెండర్ కప్లర్ కొత్తది విడిగా దొరుకుతుందా? లేక నల్లబడిన ముక్క కోసి టంకం పెట్టేస్తే సరిపోతుందా?

#12 ఓరుగల్లు_వైరింగ్

మంచిగ దొరకవట్టినవ్ అన్నా. నల్లబడ్డ రాగికి టంకం అంటది అనుకుంటున్నవ్, అంటదు. పైకి ముద్దలెక్క కూసుంటది, లోపల పట్టదు. రాగి మెరిసేదాంక కొయ్యాలె. నీళ్లు తొడుగు లోపల్నే పోగుల సందుల్లకెళ్లి పైకి పాకుతయ్, దీపం వత్తి నూనె పీల్చినట్టు. రెండంగుళాలని కోస్తవ్, ఇంకా నల్లగనే ఉంటది. మళ్ల కొయ్యి. జానెడు పోయినా ఫర్వాలేదు, కొత్త వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది అతికించు.

కప్లర్‌కు పిన్నులు, సీళ్లు విడిగ దొరుకుతయ్. వైరుతోని సహా కప్లర్ ముక్క గూడ పెద్ద స్పేర్‌పార్ట్స్ షాపులల్ల ఉంటది. రెండు పిన్నులూ మార్చు, ఒక్కటే మార్చి ఊకోవద్దు.

#13 హబ్_అండ్_బేరింగ్

అతుకు గురించి ఒక మాట. టంకమా, క్రింపా (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) అని ఎప్పుడూ వాదన జరుగుతుంది. టంకం పెట్టిన చోట వైరు గట్టిపడుతుంది, ఆ గట్టి ముక్క అంచున వంగి వంగి తెగుతుంది. అందుకని వంగే చోట అతుకే వద్దు. ఫెండర్ లోపల క్లిప్పుతో బాడీకి బిగించి ఉన్న భాగంలో అతుకు వస్తే టంకమైనా, మంచి క్రింపైనా నిలుస్తుంది. ఏది చేసినా లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టమే వేయండి, వేడి చేసినప్పుడు రెండు అంచుల నుంచీ జిగురు కాస్త బయటికి రావాలి. నల్ల ఇన్సులేషన్ టేపు ఇంజిన్ వేడికి మూడు నెలల్లో వదిలేస్తుంది. రెండు వైర్ల అతుకులూ ఒకే చోట పడకుండా నాలుగు వేళ్ల దూరం జరపండి.

ఇంకొకటి చాలామంది మర్చిపోయేది: ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలి తిరిగి ఉంటాయి. పక్కనే ఆల్టర్నేటర్ వైరు, ఇగ్నిషన్ కాయిల్ వైరు ఉంటే వాటి అలజడి సిగ్నల్‌లోకి దిగకుండా ఆ మెలి కాపాడుతుంది. కొత్త ముక్కకి కూడా ముందున్నట్టే మెలి పెట్టండి. పాసివ్ సెన్సర్ బండ్లకైతే ఇది ఇంకా ముఖ్యం, అక్కడ తక్కువ వేగంలో సిగ్నలే అర వోల్టు ఉండదు.

#14 మిషిగన్_గ్యారేజ్

ఇక్కడ శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకే మా దగ్గర వేరే రకం తప్పు ఎక్కువ. కోడ్ ఏమీ ఉండదు, ల్యాంపు వెలగదు. కానీ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆపుతుంటే, చివరి 8, 10 కిలోమీటర్ల వేగంలో పెడల్ పాదం కింద గిలగిలా కొట్టుకుంటుంది, బండి ఇంకో రెండడుగులు ముందుకు జారుతుంది. సెన్సర్ కూర్చునే బెజ్జం చుట్టూ తుప్పు ఉబ్బి సెన్సర్ని పైకి లేపుతుంది, సందు పెరుగుతుంది. తక్కువ వేగంలో సిగ్నల్ పడిపోతే మాడ్యూల్ దాన్ని చక్రం లాక్ అయిందనుకుని బ్రేకు వదులుతుంది. సెన్సర్ తీసి, బెజ్జం చుట్టూ తుప్పు మెరిసే లోహం దాకా గీకి పెడితే చాలాసార్లు పోతుంది. సీవీ జాయింటు (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు) మీద నొక్కి ఎక్కించిన పళ్ల రింగు చీలినా ఇదే లక్షణం. చీలిన చోట ఒక సందు మిగతావాటికన్నా వెడల్పు అవుతుంది. చక్రం తిప్పుతూ టార్చితో రింగు మొత్తం చూడాలి, చీలిక వెంట్రుక మందమే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉప్పు లేదు కానీ, సముద్రం పక్క ఊళ్ల బండ్లకి ఇది వర్తిస్తుందనుకుంటున్నాను.

#15 స్పానర్14

వర్తిస్తుందండీ, కాకినాడ, విశాఖ వైపు బండ్లలో చూస్తూనే ఉంటాం. అన్నట్టు బేరింగు మార్చాక వెంటనే ఏబీఎస్ ల్యాంపు వచ్చిన కేసుకి ఏం చూడాలి? సెన్సర్ వైరు ముట్టుకోనే లేదు.

#16 హబ్_అండ్_బేరింగ్

బేరింగు తిరగేసి కొట్టి ఉంటారు. అయస్కాంతపు పట్టీ ఒక్క వైపు సీలు మీదే ఉంటుంది, అది సెన్సర్ వైపుకి రావాలి. కంటికి రెండు వైపులా ఒకేలా కనపడతాయి. నొక్కే ముందు చిన్న గుండుసూదిని రెండు వైపులా తాకించి చూడండి, పట్టీ ఉన్న వైపు సన్నగా లాగుతుంది. తిరగేసిన బేరింగు బయటికి తీస్తే మళ్లీ పనికిరాదు, కొత్తదే కావాలి. బేరింగుని అయస్కాంతపు ట్రేలో పెట్టడం, పట్టీ మీద సుత్తి పెట్టడం కూడా దాన్ని పాడుచేస్తాయి.

#17 అనకాపల్లి_బండి

కారు కాదు, బైకు. 200 సీసీ, రెండు చక్రాలకీ ఏబీఎస్. చైన్ కడిగి, స్టాండ్ మీద వెనక చక్రం గేరులో తిప్పాక ఏబీఎస్ ల్యాంపు ఆరడం లేదు. నీళ్లు పోయి ఏదైనా షార్ట్ అయిందా?

#18 మీటర్_మేస్త్రి

కంగారు లేదండీ. వెనక చక్రం తిరుగుతూ ముందు చక్రం నిలిచి ఉంటే మాడ్యూల్‌కి అది సాధ్యం కాని సంగతి, అందుకే ల్యాంపు. కీ తీసి, పది సెకన్లాగి పెట్టి, రోడ్డు మీద కాస్త దూరం నడపండి. బైకుల్లో ల్యాంపు కీ ఆన్ చేయగానే ఆరదు, బండి కదిలి కొద్ది వేగం వచ్చాక ఆరుతుంది. అప్పటికీ ఆరకపోతే వెనక డిస్కు పక్కన ఉన్న రింగు, సెన్సర్ కొన చూడండి. చైన్ నూనెలో కలిసిన ఇనపరజను సెన్సర్ మొనకి అంటుకుని ఉంటుంది, గుడ్డతో తుడవండి. పంక్చర్ వేసేటప్పుడు చక్రాన్ని డిస్కు వైపు నేల మీద పడుకోబెడితే రింగు వంగుతుంది. తిప్పినప్పుడు సందు ఒక చోట దగ్గరై ఒక చోట దూరమవుతుంటే అదే కారణం.

మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడు పల్లెటూరి మెకానిక్ షెడ్డులో కూడా వస్తోంది.

#19 సిగ్నల్_చూడు

ఈ చర్చ చదివి తర్వాత వచ్చేవాళ్ల కోసం, సెన్సర్ కాని కోడ్‌ల గురించి కూడా రాసి పెడతాను.

పంపు మోటారు, వాల్వు రిలే కోడ్‌లు వస్తే ముందు కరెంటూ, ఎర్తూ. చాలా బండ్లలో ఏబీఎస్‌కి మూడు ఫ్యూజులు ఉంటాయి. మోటారుకి 30 లేదా 40 ఆంపియర్లు, వాల్వులకి 20 లేదా 25, కీ ఆన్ లైనుకి 5 నుంచి 10. ఫ్యూజుని కంటితో చూసి వదలొద్దు, రెండు కొసల దగ్గరా లోడ్ ఉండగా వోల్టులు చూడండి. ఎర్త్ బోల్టు దగ్గర 0.2 ఓము అడ్డు ఉందనుకోండి. మామూలు మీటర్ దాన్ని పట్టుకోలేదు, దాని సొంత వైర్లకే అంత ఉంటుంది. కానీ మోటారు 20 ఆంపియర్లు లాగితే అక్కడే 4 వోల్టులు పోతాయి, మోటారు నీరసంగా తిరుగుతుంది, మాడ్యూల్ కోడ్ వేస్తుంది. అందుకే మాడ్యూల్ కప్లర్ ఊడదీసి, మోటారు ప్లస్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించండి. బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు, ప్లస్ వైపు 0.3 లోపు ఉండాలి. దాటితే ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటు, తుప్పు గీకి బిగించండి. ఈ 55 వాట్ల బల్బు పరీక్ష సన్న సెన్సర్ వైర్ల మీద చేయకండి.

ఏబీఎస్‌తో మాట కలవడం లేదని యు0121 వస్తే క్యాన్ వైర్లు (బండిలోని మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూడండి. బ్యాటరీ ఊడదీసి రెండు క్యాన్ వైర్ల మధ్య కొలిస్తే 60 ఓంలు రావాలి, ఎందుకంటే రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్లు చెరొకటి ఉంటాయి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయి. ఇంజిన్ గదిలో ఎలుకలు కొరికే వైర్లలో ఇవి ఎక్కువ.

ఏబీఎస్ ల్యాంపుతో పాటు ఎర్ర బ్రేక్ ల్యాంపు కూడా వెలిగితే, హ్యాండ్‌బ్రేక్ దించి ఉండి ఆయిలు నిండుగానే ఉంటే, వెనక చక్రాల బ్రేకు పాళ్లు చూసే భాగం కూడా ఆగిందని అర్థం. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరగవచ్చు. అలాంటి బండి నెమ్మదిగా షెడ్డుకి తీసుకెళ్లాలే తప్ప హైవే ఎక్కించకూడదు.

#20 స్పానర్14

మరి మాడ్యూల్ నిజంగా పోయిందని ఎప్పుడు అనాలి?

#21 మీటర్_మేస్త్రి

కరెంటూ ఎర్తూ లోడ్ మీద సరిగా ఉండాలి. సెన్సర్ 0.7, 1.4 పరీక్ష గట్టెక్కాలి. ఆ సిగ్నల్ మాడ్యూల్ కప్లర్ పిన్ను దాకా వస్తోందని చూడాలి, పిన్ను వదులు కాలేదని చూడాలి. ఇన్నీ సరిగా ఉండి, స్కానర్‌లో ఆ చక్రం వేగం సున్నా చూపిస్తుంటే అప్పుడు మాడ్యూల్. అప్పుడు కూడా చాలా బండ్లలో ఎలక్ట్రానిక్ డబ్బా వేరు, ఆయిలు నడిచే అల్యూమినియం దిమ్మ వేరు. నాలుగైదు స్క్రూలు విప్పితే డబ్బా ఒక్కటే వస్తుంది, బ్రేక్ పైపులు ముట్టుకోనక్కర్లేదు. దిమ్మ కూడా మారిస్తే స్కానర్‌తో వాల్వులు ఆడిస్తూ గాలి తీయాలి, మామూలు పద్ధతిలో లోపలి గాలి పోదు. డబ్బా ఏదైనా ఆ బండికి కోడింగ్ చేయాలి.

#22 కృష్ణాతీరం

పని అయింది. కప్లర్ ముక్క వైరుతో సహా 340 రూపాయలకి దొరికింది. పాత వైరు ఇరవై సెంటీమీటర్లు కోస్తేగానీ మెరిసే రాగి రాలేదు. అతుకులు ఫెండర్ లోపలి క్లిప్పు దగ్గర పడేలా పెట్టి, జిగురు హీట్‌ష్రింక్ వేశాను, మెలి పెట్టాను. రెండు వైర్ల మధ్య తడి గుడ్డతో కూడా మీటర్ అంతులేని ఓంలు చూపిస్తోంది. కోడ్ తీసేశాక ఇంకా ఏమైనా చూడాలా?

#23 ఓరుగల్లు_వైరింగ్

కప్లర్ల నీళ్లు దిగకుండ మూతి కిందికి ఉండేటట్టు కట్టు అన్నా, పైకి ఉంటే గిన్నె లెక్క నీళ్లు పడ్తది. తర్వాత బండి 20, 25 దాటించు. మొదటిసారి ఆ వేగం వచ్చినంక బానెట్ కింద మోటారు ఒక్కసారి గుర్రుమంటది, అది తననుతాను చూసుకునుడు. లైవ్ డేటాల నాలుగు వేగాలు చూసుకుంట అదే గతుకుల రోడ్డు మీదికి పో. ఖాళీ మట్టి రోడ్డు మీద, ఎనక ఎవలూ లేనప్పుడు, 30ల ఒక్కసారి గట్టిగ బ్రేకు తొక్కు. పెడల్ కాలికింద కొట్టుకుని, బండి తిన్నగ ఆగి, ల్యాంపు వెలగకపోతే పని అయినట్టు.

#24 కృష్ణాతీరం

చేశాను. ముందు ఎడమ చక్రం వేగం గతుకుల్లో కూడా మిగతా మూడింటితో ఒక కిలోమీటరు తేడాలోనే ఉంది. మట్టిరోడ్డు మీద పెడల్ కొట్టుకుంది, ల్యాంపు రాలేదు. వాటర్ సర్వీసింగ్‌లో ఆ ఫెండర్ లోపల నీళ్లు కొట్టించి మళ్లీ పన్నెండు కిలోమీటర్లు తిప్పాను, అప్పుడూ రాలేదు. కుడి వైపు కప్లర్ కూడా విప్పి చూశాను, అక్కడ సీలు ఉంది, రాగి మెరుస్తోంది.